మేము పుచ్చుకోని కవరు

నేను బి.ఏ. పాసయ్యాను. డెబ్బై నాలుగేళ్ల వయసులో, మా వంశంలో మొట్టమొదటి డిగ్రీ నాదే. పొద్దున మనవరాలు ఫోనులో చూసి చెబితే నమ్మక, హాల్ టికెట్టు నంబరు మూడుసార్లు చదివించాను. ఎవరైనా మోసగాళ్లు పంపిందేమోనని నాలుగోసారి నేనే కళ్లజోడు పెట్టుకుని చూశాను. ఈ అనుమానం నాకు పుట్టింటి నుంచి వచ్చిన ఆస్తి.

ఆ సంబరంలో టీవీ పెడితే కామెడీ స్కిట్టు వస్తోంది. ఇంట్లో మీరే చేసుకోండి అని వీడియోల్లో చూపించేవాళ్లనీ, అడవిలో రాళ్లు పేర్చి వండుకునేవాళ్లనీ కలిపి ఒకతను వెక్కిరిస్తున్నాడు. అతను కట్టిన పొయ్యి అతని కాళ్ల మీదే కూలింది. ఇంట్లోవాళ్లంతా నవ్వుతుంటే నేను మాత్రం నడికుడి దగ్గరి మా ఊరికి, అరవైల నాటికి వెళ్లిపోయాను.

నేను ఎస్సెల్సీ పాసైన వేసవి అది. నరసరావుపేటలో పి.యు.సి. చదవాలంటే హాస్టల్లో సీటు రావాలి, దరఖాస్తు మీద గ్రామసేవకుడి సంతకం ఉండాలి. పొగరాని పొయ్యి ఎవరికి వాళ్లు ఎలా కట్టుకోవచ్చో వాడవాడా తిరిగి మట్టి పిసికి చూపించే సర్కారు మనిషి ఆయన. నా దరఖాస్తు ఆయన చేతికిచ్చిన వారానికే చర్చిలో వేసవి బైబిలు బడి ముగింపు వేడుక వచ్చింది, నేను బుద్ధి లేక ఆయన వేషమే కట్టాను. నాన్న చొక్కా తొడుక్కుని, ఆయనలాగే మాటమాటకీ "చూశారా, ఎంత తేలికో" అంటూ పొయ్యి కడితే, గొట్టంలోంచి పోవాల్సిన పొగంతా నా మొహానికే కొట్టింది. జనం పడీపడీ నవ్వారు. ముందు వరసలో ఉన్న గ్రామసేవకుడు మొహానికి రుమాలు అడ్డం పెట్టుకుని, మధ్యలోనే లేచి వెళ్లిపోయారు.

"ఇంక పెట్టినట్టే సంతకం. సర్కారోళ్లతో ఎకసెక్కాలేందే నీకు" అంది అమ్మ.

నాలుగో రోజున గ్రామసేవకుడి ఆఫీసు బంట్రోతు కవరు పట్టుకుని మా వీధి మలుపు తిరిగాడు. కోర్టు సమనైనా, సర్కారు తాకీదైనా చేత్తో పుచ్చుకుంటే తప్పు ఒప్పుకున్నట్టేనని మావాళ్ల నమ్మకం. నాపరాళ్ల క్వారీలో పనిచేసే నాన్న, అది నా మీద ఫిర్యాదేనని తేల్చేశాడు.

"పుచ్చుకోమాకండి. తాళమేసి పదండి" అని దొడ్డిదారిన అందర్నీ క్వారీకి తోలుకుపోయాడు.

బంట్రోతు మూడుసార్లు తిరిగి మూడుసార్లూ తాళాన్నే చూశాడు. ఆఖరుసారి, మేము అసలు ఊళ్లోనే లేమని పక్కింటి పెద్దమ్మ చెప్పి పంపేసింది. హాస్టలు దరఖాస్తు గడువు దాటిపోయింది. గ్రామసేవకుడు సంతకం పెట్టడని తనకు ముందే తెలుసని నాన్న ఊరంతా చెప్పుకున్నాడు.

చాలా ఏళ్లకు, రెండో బిడ్డను ఒళ్లో పెట్టుకుని దాచేపల్లి బస్సులో వెళుతుంటే ఆ గ్రామసేవకుడే పక్క సీట్లో కూర్చున్నారు. నన్ను గుర్తుపట్టారు.

"సంతకం పెట్టి మూడుసార్లు పంపించానమ్మా. మీ నాయన పుచ్చుకోలా. ఆ రోజు నీ పొయ్యి చూసి నవ్వాపుకోలేక పొలమారింది, అందుకే బయటికొచ్చా."

నాన్న పోయేదాకా ఆ సంగతి నాన్నకు చెప్పలేదు.

ఇప్పుడు టీవీలో ఎవర్ని వెక్కిరించినా, మర్నాడు కవరుకు జడిసి తలుపులు మూసుకునేవాళ్లు లేరు. సంతోషమే గానీ, కొంచెం కుళ్లుగా కూడా ఉంది.

ఇంకా ఫోను చెయ్యాల్సినవాళ్లు: మాచర్లలో తమ్ముడు. పిన్ని కూతురు, తను నమ్మదు, ఫోటో కూడా పంపాలి. గ్రామసేవకుడి అమ్మాయి, ఆయన లేరు గనక ఆమెకే చెప్పాలి. ఆఖరున మా వీధి పోస్టుమాను. పట్టా రిజిస్టరు పోస్టులో వస్తుందట, మా తలుపు తీసే ఉంటుందని చెప్పాలి.