పుంగనూరు దాటాక పడిన బ్రేకు

మదనపల్లెలో నాకు మోటారు వైండింగు షాపు ఉంది. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. బోరు మోటారులో ఏదో దూరిందని, గాలి సోకిందని, అమావాస్య వస్తే చాలు కాలిపోతోందని చెప్పుకుంటూ వచ్చిన రైతులు ఎంతమందో. విప్పి చూస్తే కాయిలు మాడి ఉంటుంది. లేదంటే స్టార్టరు డబ్బాలో బల్లి చచ్చి ఉంటుంది. కారణం లేని రిపేరు నా షాపు గడప ఇంతవరకూ తొక్కలేదు.

దయ్యాల మాట ఎత్తినవాడిని నలుగురి ముందు ఆట పట్టించడం నాకు సరదా. ఇప్పటికీ అంతే. అందుకే ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా జరిగింది జరిగినట్టు రాస్తాను.

మా నాయన బస్సు డ్రైవరు. ముప్పై ఏళ్లకు పైగా పుంగనూరు, పలమనేరు, కుప్పం రూట్లలోనే తోలాడు. తన చేతిలో ఒక్క ప్రాణీ దెబ్బ తినలేదని ఆయనకు గర్వం. ఆ గర్వాన్ని మాటల్లో చెప్పే మనిషి కాదు. స్టీరింగు ముందు కూర్చునే తీరులో తెలిసేది.

రిటైరైన మూడో ఏడు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. ఊ, వద్దు, నీళ్లు, రేయ్... ఇలాంటివి నాలుగైదు మిగిలాయి. ఎదుటివాళ్లు చెప్పేదంతా అర్థమయ్యేది, తిరిగి చెప్పలేకపోయేవాడు. ఆ అవస్థ చూడలేక నేను పొద్దుగూకులూ షాపులోనే ఉండిపోయిన రోజులున్నాయి. అది ఒప్పుకోవాలి.

కుప్పంలో ఒకామె ఫిజియోథెరపీ బాగా చేయిస్తుందని తెలిసి, వారానికోసారి నాయనను అక్కడికి తీసుకుపోవడం మొదలుపెట్టాను. ఆయన్ని బస్సు ఎక్కించడం, దించడం నా వల్ల కాలేదు. అందుకని ఎలక్ట్రిక్ కారు కొన్నాను. అందుకని అని ఇంట్లో చెప్పాను గానీ, నాకు ఆ కారు మీద ముందునుంచే మోజు. మోటార్ల మధ్య బతికేవాడికి మోటారుతో నడిచే కారంటే మనసు ఊరుకుంటుందా?

ఆ కారు ముందుపోయే బండిని చూసి తానే వేగం తగ్గించుకుంటుంది. గీత దాటబోతే స్టీరింగును సర్దుతుంది. ఎవరైనా అడ్డం వస్తే తానే బ్రేకు వేసుకుంటుంది. ముందు అద్దానికి పైన, నడిమధ్యలో లోపలి వైపు ఒక కెమెరా ఉంటుంది. ఇదంతా దాని చూపు మీదే జరుగుతుంది. షాపుకి వచ్చిన ప్రతివాడినీ ఎక్కించుకుని తిప్పి, ఇదంతా చూపించేదాకా నాకు అన్నం సహించేది కాదు.

నాయన మాత్రం మెచ్చుకోలేదు. ముందు సీట్లో, నా ఎడమ పక్కన కూర్చునేవాడు. కూర్చోబెట్టాక, ఆయన కుడి కాలిని నేనే రెండు చేతులతో ఎత్తి లోపల పెట్టాలి. పెట్టింది పెట్టినచోటే ఉండేది. బాగున్న ఎడమ కాలు మాత్రం, నేను వేగం పెంచినప్పుడల్లా నేలను నొక్కేది. ఈ కారుకు క్లచ్చు లేదని ఎన్నిసార్లు చెప్పినా ఆ కాలు వినలేదు. నాకు నవ్వొచ్చేది.

రెండేళ్ల కిందటి మాట. ఇది జరగడానికి ముందురోజు ఆయుధపూజ. కారు కడిగి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాం. బొట్లు పెట్టే పని మా అమ్మది. బస్సుకైతే అద్దం పైన నడిమధ్యలో పెద్దబొట్టు పెట్టాలి, అది బండికి నుదురు అని ఆమె లెక్క. డ్రైవరు భార్యగా అన్నేళ్లు చూసిన మనిషి. కారుకూ అక్కడే అరచేతంత వెడల్పున పసుపు మందంగా మెత్తి, మీద కుంకుమ పెట్టింది. నేను పక్కనే నిలబడి ఫొటో తీశాను. ఆ పసుపు వెనకాలే కెమెరా ఉందన్నది నాకు తట్టనే లేదు.

మరుసటి రోజు పొద్దున్నే కుప్పానికి బయలుదేరాం. కారు స్టార్ట్ చేయగానే తెర మీద ఏదో వచ్చింది, టింగుమంది. ఫోన్లో వచ్చేవాటికి నొక్కినట్టే చదవకుండా ఓకే నొక్కేశాను. చదివుంటే ఈ కథే లేదు.

పుంగనూరులో ఆగి ఇడ్లీ తిన్నాం. నాయనకు నేనే తినిపించాను. మూతి తుడుస్తుంటే మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆ క్షణాన ఆయన్ని ఎలాగైనా సంతోషపెట్టాలని గట్టిగా అనిపించింది. నేను చేసిన పిచ్చిపనికి ఇది సాకు కాదు. కానీ అక్కడ మొదలైంది.

పుంగనూరు దాటాక పలమనేరు వైపు రోడ్డు ఖాళీగా ఉంది. తెల్లగా ఎండ కాస్తోంది. సమయం ఎనిమిది దాటి ఉంటుంది. క్రూయిజ్ కంట్రోల్ నొక్కి, అరవై మీద వేగం కట్టేసి పెడలు మీది కాలు తీసేశాను. ‘సూడు నాయనా, ఇంగ దీనికి డ్రైవరుతో పనే లేదు’ అన్నాను. ముప్పై ఏళ్లు డ్రైవరుగా బతికిన మనిషితో అనవలసిన మాటేనా అది? అప్పుడు అలా తోచలేదు.

నాయన కిటికీ వైపు చూశాడు. దాంతో నాకు ఇంకా పంతం పెరిగింది. చెప్పులు అంతకుముందే విప్పి సీటు వెనక పెట్టుకున్నాను. సీటు బాగా వెనక్కి జరిపి ఉంది. నేను బక్కమనిషిని. రెండు కాళ్లూ పైకి లాక్కుని, అరుగు మీద కూర్చున్నట్టు సీట్లో మఠం వేసుకున్నాను. రెండు వేళ్లు స్టీరింగు మీద ఊరికే ఆనించి నాయన వైపు తిరిగాను.

‘వద్దు’ అన్నాడు నాయన. ‘వద్దు, వద్దు.’

నేను నవ్వాను. ఆయన మొహంలోకే చూస్తున్నాను. ఆయన కళ్లు నా కాళ్ల మీద నుంచి రోడ్డు మీదికి మళ్లాయి.

కారు ఆగింది.

ఆగింది అంటే మెల్లగా కాదు. టైర్లు కీచుమన్నాయి. బెల్టు ఛాతీని కోసినంత పని చేసింది. నా మోకాళ్లు రెండూ వెళ్లి స్టీరింగుకు కొట్టుకున్నాయి, హారను మోగింది. నేను తల తిప్పి చూసేసరికి బానెట్టు ముందు ఒక చిన్నపిల్ల తల, రెండు పిలకలు. ఆ పిల్ల అరచెయ్యి మా బంపరుకు ఆనుకుని ఉంది. రెండో చేతిలో పాలక్యాను మూత.

రోడ్డు పక్కన పాలు పోయించుకునే గది ఉంది. క్యాను మూత జారి రోడ్డు మీదికి దొర్లితే, పట్టుకోవడానికి ఆ పిల్ల పరిగెత్తింది. ఐదేళ్లుంటాయేమో. ఏడవలేదు. కారు వైపు వింతగా చూస్తూ నిలబడింది.

వాళ్ల అవ్వ క్యాను వదిలేసి ఉరికి వచ్చి పిల్లను లాక్కుంది. నేను మఠం విప్పుకుని, చెప్పుల్లేకుండానే దిగాను. ఆమె నా కాళ్లు చూసింది.

‘సెప్పులు గూడా ఏసుకోకుండా దిగొచ్చినాడమ్మా పాపం’ అని అక్కడున్న ఆడవాళ్లకు చెప్పింది. తర్వాత నా రెండు చేతులూ పట్టుకుంది. ‘సూసుకోకుండా ఉరికేసింది నాయనా. నువ్వు బాగ తొక్కితివి బ్రేకు. ఇంగొకడైతే బిడ్డ మాకు దక్కేది కాదు. మంచి డ్రైవరువప్పా నువ్వు.’

కారు అద్దం దించి ఉంది. నాయనకు ఆ మాటలన్నీ వినిపించాయి. నేను ‘పర్వాలేదమ్మా’ అన్నాను.

తిరిగి కారెక్కాక చూశాను. నాయన ఎడమ కాలు ఎప్పటిలాగే మడిచి ఉంది. కుడి కాలు మాత్రం నేను పెట్టినచోట లేదు. ముందుకు బారుగా చాచి ఉంది. పాదం నేలను నొక్కిపట్టి ఉంది. తొడ అదురుతోంది. ఊపుకు జారి ఉంటుందని వెనక్కి లాగబోయాను. ఇనుప కడ్డీలా బిగుసుకుని ఉంది. రెండు చేతులతో లాగినా రాలేదు. కాసేపటికి దానంతటదే సడలింది. పక్షవాతం వచ్చిన పద్నాలుగు నెలల్లో ఆ కాలు అలా ఉండడం అదే మొదటిసారి.

కుప్పంలో ఆ ఫిజియోథెరపీ ఆమె కాలు పట్టుకోగానే నాయన ‘అబ్బా’ అన్నాడు. అప్పటిదాకా గిల్లినా తెలియని కాలు అది. ఆమె పిక్కను, పాదాన్ని నొక్కి చూసింది. ‘ఏమన్నా నడిపించినారా? కండరం పట్టేసిండాది. బాగా బలం పెట్టి దేన్నో తొక్కినట్టుండాది’ అంది. దారిలో కారుకు గట్టిగా బ్రేకు పడిందని చెప్పాను. అలాంటప్పుడు పక్షవాతం కాళ్లు బిగుసుకోవడం ఉంటుందని ఆమె చెప్పింది. నాకు నమ్మకం కుదిరింది. వచ్చే వారానికి నొప్పీ పోయింది, స్పర్శా పోయింది. కాలు మళ్లీ కట్టెలా అయిపోయింది.

ఇంటికి వచ్చాక ఊరంతా చెప్పుకున్నాను. కారే చూసింది, కారే ఆగింది, దాని బ్రేకు లేకపోతే ఒక పసిబిడ్డ ప్రాణం పోయేది అని. మఠం వేసుకున్న సంగతి మాత్రం చెప్పలేదు. నాయన మంచం మీద నుంచి అంతా వింటూ ఉండేవాడు.

నెల తర్వాత కారును సర్వీసుకు ఇచ్చాను. ఆ రోజు కారు తానే ఆగిన రికార్డు తీసిమ్మని అక్కడి ఇంజినీరును అడిగాను. నా గొప్ప నలుగురికీ చూపించుకోవాలి కదా. అతను లాప్‌టాప్ తగిలించి చాలాసేపు చూశాడు.

‘ఆ రోజు ఆటోమేటిక్ బ్రేకు పనిచేయలేదు సార్’ అన్నాడు. ‘పొద్దున స్టార్ట్ చేసినప్పటినుంచే కెమెరాకు ఏదో అడ్డం ఉండాది. మెసేజీ వచ్చింది, మీరు ఓకే కొట్టినారు. వేగం కట్టేసింది మటుకే పనిచేసింది. అది ముందర ఎవరున్నా చూడదు.’

మరి ఆగింది కదా అన్నాను.

‘మీరే ఆపినారు సార్. పెడలు పూర్తిగా కిందికి పోయింది. గట్టిగా తొక్కినారు.’

నేను అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయాను. అతను మంచినీళ్లు ఇచ్చాడు.

నేను మోటారు పనివాడిని, అంత తేలిగ్గా వదలలేదు. లూజు కాంటాక్టు అనుకున్నాను. ఒక వైరు క్షణం పాటు కలిసి విడిపోవడం నా పనిలో రోజూ చూసేదే. కానీ లూజు కాంటాక్టు అయితే తప్పుడు రికార్డు పడొచ్చు, వేగం కట్టేసింది విడిపోవచ్చు. రోడ్డు మీద టైర్ల చారలు పడేంత బ్రేకు పడదు. ఆ చారలు మరుసటి వారం కూడా నేను చూశాను. పెడలు, దాని స్విచ్చు, ఆయిలు అన్నీ మళ్లీ మళ్లీ తనిఖీ చేయించాను. ఎక్కడా లోపం లేదు. భయంలో నాకు తెలియకుండా నేనే తొక్కానేమో అని కూడా ఇంజినీరు అన్నాడు. అలా అయితే నాకూ బాగుండేది. కానీ ఆ రోజు స్టీరింగుకు కొట్టుకుని నా రెండు మోకాళ్లూ నల్లగా కమిలిపోయాయి. మఠం వేసుకున్నవి మఠం వేసుకున్నట్టే ఉంటేనే అక్కడ తగులుతాయి.

సర్వీసు నుంచి వచ్చిన సాయంత్రం నాయన మంచం పక్కన కూర్చున్నాను. అమ్మ వంటింట్లో ఉంది. ఆ రోజు బ్రేకు తొక్కింది నువ్వా అని అడిగాను. అడుగుతుంటేనే సగం సిగ్గు. ఆయన వైపు పెడలే లేదు. ఆ కాలులో ప్రాణమే లేదు.

నాయన నా మొహంలోకి చూశాడు. పెదాలు కదిలించడానికి అవస్థ పడ్డాడు. నేను నీళ్లేమో అనుకుని చెంబు అందుకోబోయాను. ఎడమ చేత్తో నా చెయ్యి ఆపాడు.

‘రేయ్’ అన్నాడు. ‘కాళ్లు... కింద పెట్టుకోని తోలు.’

పక్షవాతం వచ్చాక ఆయన నోట నేను విన్న పూర్తి మాట అదొక్కటే. నేను ఆయన మంచం పట్టీ మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఆ చేత్తోనే నా తల నిమిరాడు. అవునని చెప్పలేదు, కాదని చెప్పలేదు. మళ్లీ అడిగే ధైర్యం నాకు రాలేదు. ఐదు నెలలకు ఆయన పోయాడు. ఆ కాలు మళ్లీ కదలలేదు.

కాలు బిగుసుకోవడానికి కారణం ఉంది. కారు ఆగడానికీ ఏదో కారణం ఉండే ఉంటుంది, నాకు దొరకలేదంతే. కానీ ఆ రెండూ ఒకే క్షణంలో ఎందుకు జరిగాయో నాకు చెప్పగలిగినవాళ్లు లేరు. దయ్యాలను ఇప్పుడూ నమ్మను. నాయన అప్పటికి బతికే ఉన్నాడు కూడా. దీన్ని ఏ పేరుతో పిలవాలో కూడా నాకు తెలియదు.

పనిమీద పలమనేరు పోయినప్పుడల్లా ఆ పాలగది దగ్గర వేగం తగ్గిస్తాను. ఆ అవ్వ గుర్తుపట్టి చెయ్యెత్తుతుంది. పిల్ల ఇప్పుడు బడికి పోతోంది. పోయిన నెల కారు ఆపించి, పిల్లను ముందుకు తోసి, ‘ఈయప్పే నిన్ను కాపాడింది, దండం పెట్టు’ అంది. ఆ పిల్ల రెండు చేతులూ జోడించింది. నేను కాదని అక్కడ చెప్పలేకపోయాను. ఇక్కడ చెబుతున్నాను. ఆ రోజు బ్రేకు తొక్కింది నేను కాదు.