జమ్మలమడుగులో పడని రాయి

ఇన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పొద్దున లేచి ముఖం కడుక్కునేటప్పుడు కూడా అది నాతోనే ఉంటుంది. నా భార్యకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

అవి మా వర్గం మనుషులు రోడ్డు మీద ప్రయాణమంటే భయపడే రోజులు. ఏ మలుపులో ఎవరు బాంబులతో కాచుకుని ఉంటారో తెలియదు. ఎన్నికలొచ్చాయి. మా నాయకుణ్ణి అందరం అన్న అనేవాళ్లం. పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, మూడుచోట్లా ఒకే రోజు సభలు. అన్న కోసం పార్టీ ఒక హెలికాప్టర్ అద్దెకు తీసుకుంది. రోడ్డు ప్రయాణం తప్పింది కదా, ఇక గండం గడిచినట్టేనని అనుకున్నాం.

ప్రొద్దుటూరు పార్టీ ఆఫీసులో ఇంగ్లీషు కాగితాలు చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. పైలట్‌ను చూసి సరేననే పని నాకు అప్పగించారు. అన్న ఎక్కే జీపు డ్రైవర్‌ను పరీక్షించే పద్ధతి ఒకటి మాకుండేది. ఏ ఊరు, ఏ ఇంటివాడు, పెళ్లాం ఎవరి తాలూకు, అవతలి వర్గంలో చుట్టాలున్నారా? బండి ఎలా తోలతాడో మాత్రం ఎవరూ అడిగేవాళ్లు కాదు. పైలట్‌నూ అలాగే అడిగాను. ఎక్కడో దూరపు రాష్ట్రం మనిషి, ఈ జిల్లాలో నరమానవుడు తెలియదు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ తర్వాతే లైసెన్సు చూశాను. అందులో రాసిన హెలికాప్టర్ రకం వేరు. మేం అద్దెకు తీసుకున్నది వేరు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని మరీ చూశాను, కాబట్టి పొరపాటైందని చెప్పుకోవడానికి కూడా లేదు. పులివెందులలో జనం ఎదురుచూస్తున్నారు, ఇప్పుడు ఆపితే అన్న మండిపడతాడు, హెలికాప్టర్ కంపెనీవాళ్లకు తెలియదా ఏం, మధ్యలో నేనెందుకు తల దూర్చాలి అని ఒక్క నిమిషంలో అన్నీ అనుకుని సంతకం చేశాను. భయమా? భయమే. కానీ మనిషిని చూస్తే ఎలాంటివాడో చెప్పేస్తానన్న పొగరు కూడా ఉంది.

పులివెందుల సభ బాగానే జరిగింది. నేను ముందే జమ్మలమడుగు చేరి, సభ దగ్గర జనంలో నిలబడి ఉన్నాను. అక్కడ దిగేటప్పుడు దుమ్ము లేచింది. పైలట్ తడబడ్డాడు. హెలికాప్టర్ ఒక పక్కకు ఒరిగి నేలకు కొట్టుకుంది. అన్నకు గీతలు పడ్డాయి, అంతే. జనాన్ని వెనక్కి నెడుతున్న మా ఓబులేసుకు రెక్క ముక్క తగిలి కాలు పోయింది. గొర్రెల వెంట రోజంతా నడిచే మనిషి. ఆ ఏడే మంద అమ్ముకున్నాడు.

అన్న నా వైపు చూశాడు. కాగితాల సంగతి అడగబోతున్నాడని తెలిసిపోయింది. నోటికొచ్చింది అనేశాను.

"రాయి పడిందన్నా. అవతలోళ్లు ఇసిరినారు. నేను చూసినా."

ఇంక ఎవరూ ఏమీ అడగలేదు. అందరికీ ఆ మాటే కావాలి. కంపెనీవాళ్లకు మరీ కావాలి. అవతలి వర్గానికి చెందిన దువ్వూరు నాగన్న గుంపులో కనిపించాడని ఎవరో అన్నారు. పాపం, హెలికాప్టర్ ఎలా ఉంటుందో చూద్దామని వచ్చాడు. రాయి విసిరింది అతనేనని కోర్టులో నేను సాక్ష్యం చెప్పాను. మూడేళ్లు జైల్లో ఉన్నాడు.

పోయినేడు ప్రొద్దుటూరు బస్టాండులో నాగన్న వచ్చి నా పక్కన కూర్చున్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"అప్పా, ఆ దుమ్ములో నీ కండ్లు మోసపోయింటాయి. నిన్నేమీ అనను. ఆ రాయి ఇసిరినోడు ఎవడో నీకేమన్నా తెలిసిందా? మా ఊర్లో అందర్నీ అడిగినా. ఒక్కడూ ఒప్పుకోలా."

"తెలీదు నాగన్నా."

"యాడుండాడో ఏమో. నేను సచ్చేలోపల వాణ్ణొకసారి చూడాల."

బస్సొచ్చింది. వెళ్లిపోయాడు.

రాయి ఎవరూ వేయలేదు. ఈ మాట అతనికి చెప్పాల్సింది, మీకు చెబుతున్నాను. కొంచెం ఊపిరాడుతోంది. అందుకు కూడా సిగ్గుగానే ఉంది.