ఒరియె నాటికి వస్తానంది

మా వదిన అకువోమా కాలు ఒకచోట నిలిచేది కాదు. యుద్ధానికి ముందూ అంతే. పొయ్యి మీద పులుసు పెట్టి, వీధిలోకెళ్లి ఇద్దరితో పోట్లాడి, అది పొంగేలోపు తిరిగొచ్చేది. యుద్ధం తర్వాత ఆమె తిరిగిన తిరుగుడు మాత్రం వేరు. వెనకాల తిట్టుకుంటూ నడిచినదాన్ని నేనే కాబట్టి చెబుతున్నాను.

మా ఇగ్బోలకు వారమంటే నాలుగు రోజులే. ఎకె, ఒరియె, అఫొ, న్క్వొ. ఏ ఊరి సంతైనా వీటిలో ఒక రోజున జరుగుతుంది. మా మేనకోడలు ఒరియె నాడు పుట్టింది కాబట్టి ఎంబోరియె అని పిలుచుకున్నాం. "నీ రోజు, నీ సంత" అంటూ వదిన ప్రతి ఒరియెకీ దాన్ని వీపున కట్టుకుని తీసుకెళ్లి అలసంద వడలు కొనిపెట్టేది. దాంతో ఆ పిల్లకు అంకెలు రాకముందే ఒరియె ఎప్పుడొస్తుందో తెలిసేది.

మా తూర్పు ప్రాంతం దేశంలోంచి విడిపోయి బయాఫ్రా అని జెండా ఎగరేసినప్పుడు అందరం గంతులేశాం. వదినైతే గొంతు పోయేలా అరిచింది. తర్వాత ఆ దేశపు సైన్యాలు, ఉత్తరం నుంచి ఒకటి, సముద్రం వైపు నుంచి ఇంకోటి, మా మీద వచ్చిపడ్డాయి. మా అన్న మొదటి వానాకాలంలోనే యుద్ధంలో పోయాడు. ఇక మా బతుకంతా నడకే. ఫిరంగులు దగ్గరైతే మూట ఎత్తుకోవడం, దూరమైతే దించుకోవడం. మిగిలిన నేల చాప చుట్టినట్టు రోజురోజుకీ తగ్గిపోయింది. గోడల మీద బల్లులు కూడా మిగల్లేదు, తినేశాం.

సరైన తిండి లేక ఎంబోరియెకు ఒళ్లు ఉబ్బి జుట్టు ఎర్రబడింది. చర్చివాళ్లు రోగిష్టి పిల్లలకు పాలు పోసే షెడ్డులో చేర్చాం. అక్కడ గంజి దొరికేది గానీ ఉప్పు లేదు. ఉప్పు లేని గంజిని పిల్ల ఉమ్మేసేది. సైన్యాలు కాపుకాసే హద్దు దాటి శత్రువు సంతల్లో ఉప్పు తెచ్చే ఆడవాళ్లు కొందరు ఉండేవారు. వదిన వాళ్లతో బయల్దేరింది.

"పిచ్చెక్కిందా నీకు? సోల్జర్లకి దొరికితే?" అన్నాను.

"దొరికితే దొరుకుతా. నాలిక్కి ఉప్పు తగలందే ఇది ముద్ద మింగదు. నువ్వు నోర్మూసుకుని మీ అమ్మని చూసుకో."

పిల్ల ఉబ్బిన చెంపలు నిమిరి, "ఒరియె నాటికి వచ్చేస్తా. నీ రోజు నేను మర్చిపోతానా? పొద్దున్నే మొహం కడుక్కుని గుమ్మంలో కూర్చో" అంది.

మాట తప్పలేదు. ఒరియె నాడే వచ్చింది, గుడ్డలో ఉప్పు కట్టుకుని. షెడ్డు ఖాళీ. ఫిరంగులు దగ్గరపడ్డాయని ముందురోజే పిల్లల్ని లారీల్లో తీసుకెళ్లి, మందులు తెచ్చే విమానాల్లో గాబన్ అనే పరాయి దేశానికి పంపేశారట. నేను అమ్మతో పక్క ఊళ్లో ఉన్నాను, నాకూ తెలియదు. తెలిసుంటే లారీకి అడ్డంపడి ఉండేదాన్ని.

యుద్ధం అయిపోయింది. ఓడినవాళ్లెవరూ లేరని గెలిచినవాళ్లు రేడియోలో చెప్పారు. ఊరికొచ్చి చూస్తే మా ఇంటికి పైకప్పు లేదు. వదినకు అదేమీ పట్టలేదు. మూడు రోజులు కాలుకాలిన పిల్లిలా తిరగడం, ఒరియె తెల్లవారగానే ఆ పాడుబడ్డ షెడ్డుకు నడిచిపోవడం.

ఓసారి దారిలోనే అరిచేశాను. "గాబన్ ఎక్కడ, ఈ షెడ్డెక్కడ! అది అక్కణ్నించి నడిచొస్తుందనుకున్నావా?"

"వస్తానన్నది అది కాదే, నేను. నేనే పోవాలి" అని ఇంకా గబగబా నడిచింది.

గాబన్‌కు పంపిన పిల్లల్ని వెనక్కి తెస్తున్నారని తెలిసింది. వాళ్లని ఉంచిన శిబిరానికి మేం చేరింది ఒరియె నాడే. వీధి కుళాయి దగ్గర వదిన మొహం కడుక్కుంది.

"చూడు, గుమ్మంలోనే ఉంటుంది."

గుమ్మంలో ఎవరూ లేరు. లోపల బొద్దుగా ఎదిగిన పిల్లలు గాబన్‌లో నేర్చిన ఫ్రెంచిలో కేకలేసుకుంటున్నారు. వదిన చివరిసారి చూసింది ఉబ్బిన మొహం, ఎర్రజుట్టు. వీళ్లలో దాన్నెలా పోల్చడం? "ఎంబోరియే!" అని పిలిస్తే అరడజను మంది వచ్చి అమ్మా అమ్మా అని చుట్టేశారు. పాపం, ఎవరో ఒక అమ్మ దొరికితే చాలు వాళ్లకి. గాబన్‌లో అందరికీ చర్చి పేర్లు పెట్టేశారు.

శిబిరం చూసే సిస్టర్ ఆలోచించి అంది: "మారీ అని ఒకతుందమ్మా. నాలుగు రోజులకోసారి పొద్దున్నే మొహం కడుక్కుని గేటు దగ్గర కూర్చుంటుంది. గాబన్‌లోనూ ఇంతేనట, ఏదో జబ్బనుకున్నారు. రేపు మళ్లీ కూర్చుంటుంది. పిలవనా?"

వదిన మొహం వాడిపోయింది. "రేపు అఫొ. నా కూతురు రోజు తప్పదు" అని గేటువైపు తిరిగింది.

నాకు ఒళ్లు మండింది. "ఎవరూ లేని గుమ్మానికి ఏడాదిపాటు నడిచావు. ఒక్క పూట ఆగితే నీ సొమ్మేం పోయింది?"

ఆగింది. పిలవనివ్వలేదు మాత్రం. "పిలిస్తే ఏ పిల్లైనా వస్తుంది. దానంతటది రావాలి" అంది.

పొద్దున ఒక పిల్ల వచ్చింది. తడి మొహం, ఉతికిన గౌను. గేటు పక్కన మోకాళ్లు దగ్గరికి లాక్కుని కూర్చుంది. వదిన దాని ముందు నిలబడింది. తిట్టుగానే వచ్చింది మాట.

"ఇవాళ అఫొ. ఒరియె నిన్ననే అయిపోయిందే!"

పిల్ల తలెత్తి చూసింది. మా మాటలు ఒక్కొక్కటీ వెతుక్కుంటూ అంది: "జ్వరం వచ్చింది నాకు. ఒక రోజు... నిద్రలో పోయిందేమో." వదిన మొహంకేసి ఇంకా చూస్తూనే అడిగింది. "అమ్మా, నువ్వు వస్తానన్నది ఏ ఒరియెకి?"

మా వదిన పిల్ల పక్కనే మట్టిలో కూలబడింది. మధ్యాహ్నం బియ్యం లారీ వచ్చింది, గేటు తియ్యాలి లేవండమ్మా అని కాపలావాడు ఎంత మొత్తుకున్నా అక్కణ్నించి కదల్లేదు.