రెజైనా నుంచి హైదరాబాదు, పక్కింటి మీదుగా

పొద్దుటి నుంచి కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నాను. మావారు హైదరాబాదు నుంచి తిరిగొస్తున్నారు. ఫోనులో బుల్లి విమానం సముద్రం మీద నిలబడిపోయింది. నేను కాఫీ కలుపుకుని, తాగడం మరిచిపోయి, చల్లారబెట్టి మళ్ళీ చూసినా అది అక్కడే. "మమ్మీ, స్టాప్ చెకింగ్!" అని విసుక్కుంటోంది మా అమ్మాయి. కెనడాలోని ఈ రెజైనాకీ హైదరాబాదుకీ మధ్య దారి ఒకసారి మా పక్కింటి గుమ్మం దగ్గరే ఆగిపోయిందని దానికేం తెలుసు!

అప్పట్లో మా అత్తగారు మా దగ్గర ఉండేవారు. హైదరాబాదులో ఆవిడ చెల్లెలు ఆస్పత్రిలో ఉందనీ, అక్కని చూడాలని కలవరిస్తోందనీ ఫోనొచ్చింది. మావారు వెంటనే టికెట్టు బుక్ చేశారు. తీరా చూస్తే ఆ రోజు ప్రయాణానికి మంచిది కాదట. అయితే ముందురోజే మంచి గడియలో ప్రస్థానం పెట్టాలన్నారు అత్తగారు. అంటే సామానులో ఏదో ఒకటి ముందుగా వేరే ఇంట్లో ఉంచి, మర్నాడు అక్కడ అందుకుని అటునుంచి అటే వెళ్ళిపోవడం. దాన్ని మళ్ళీ మన గడప తొక్కించకూడదు. ఒక చీర పెడితే సరిపోయేదానికి, "ముఖ్యమైంది కదలకపోతే నేను కదిలినట్టెలా అవుతుందే?" అంటూ చేతిసంచీ మొత్తం, పాస్‌పోర్టుతో సహా, మంచులో నడిచివెళ్ళి పక్కింటి తెల్లావిడకి అప్పగించి వచ్చారు. ఆవిడ నర్సు. ఏమర్థమైందో గానీ, "ఐ విల్ గార్డ్ ఇట్," అంది గుండె మీద చెయ్యి వేసుకుని.

గార్డ్ చేసింది మరి! మర్నాడు మేం బయల్దేరేసరికి ఆ ఇంటికి తాళం. అనుకోకుండా డ్యూటీకి పిలిచారట. సంచీని ఖాళీ ఇంట్లో వదలడానికి మనసొప్పక కార్లో వెంట తీసుకుపోయిందట. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది. అప్పటికి ఫోను చేస్తే ఎత్తదు. మావారు కారు స్టార్ట్ చేసి కూర్చున్నారు, నేను తలుపు బాదుతూనే ఉన్నాను. అత్తగారు మాత్రం మంచులో అటూ ఇటూ తిరిగారు. నాకు ఆవిడ మీద కోపమూ వచ్చింది, ఆవిణ్ణి చూసి ఏడుపూ వచ్చింది. విమానం వెళ్ళిపోయింది.

సాయంత్రం నర్సు వచ్చి, సంగతి విని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మావారు టికెట్టు మర్నాటికి మార్పించారు. కదిలిన సంచీ వెనక్కి రాకూడదు, దాన్ని వదిలిపెట్టి ఉండడానికి ఇక ధైర్యం చాలదు. అందుకని అత్తగారే శాలువా కప్పుకుని పక్కింటికి మకాం మార్చారు. నేను కిటికీలోంచి ఆ ఇంటివైపు చూస్తూ, ఈలోగా హైదరాబాదు నుంచి ఫోను రాకూడదని తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను.

రాలేదు. అత్తగారు వెళ్ళేసరికి చెల్లెలికి ఇంకా తెలివుంది. "ఇంతసేపూ ఎక్కడున్నావక్కా?" అని అడిగిందట చెయ్యి పట్టుకుని.

"పక్కింట్లోనే ఉన్నానే," అన్నారట మా అత్తగారు.

ఇప్పుడు ఆ అక్కాచెల్లెళ్ళిద్దరూ లేరు. ఫోనులో విమానం కాస్త జరిగినట్టుంది. హైదరాబాదుకీ రెజైనాకీ ఎంతసేపని ఎవరైనా అడిగితే, అవతల ఎదురుచూస్తున్నదెవరో ముందు చెప్పమంటాను.