కాలు సాగింది, పెరగలేదు

ఆ దర్జీని వీధిలో అందరూ ‘రెండోసారి మాస్టరు’ అంటారు. ఏ కొలతైనా రెండుసార్లు తీయందే గుడ్డ మీద కత్తెర పెట్టడు. “చొక్కా కుడతావా, నా మీద సర్వే చేస్తావా?” అని విసుక్కున్నవాళ్లే మళ్లీ అతని దగ్గరికి వస్తారు.

అతని పదేళ్ల కూతురికి రెండేళ్లుగా కీళ్లవాతం. మోకాళ్లు వంగి బిగుసుకుపోయి, పొద్దున్నే గంటసేపు మంచం దిగలేకపోయేది. స్టెరాయిడ్ మాత్రలు పడ్డాక నొప్పి తగ్గింది, కాళ్లు సాగాయి, బుగ్గలు ఉబ్బాయి. ఈలోగా రెండేళ్లు చిన్నదైన చెల్లెలు ఎత్తులో అక్కను దాటేసింది. “ఇద్దరిలో పెద్దదెవరు?” అని ఎవరైనా అడిగితే చాలు, పెద్దది గదిలోకి పోయి తలుపేసుకుంటుంది.

ఆ రోజు ఆసుపత్రిలో నర్సు పిల్లను గోడకు నిలబెట్టి ఎత్తు రాసింది. డాక్టరమ్మ కార్డు చూసి నవ్వింది.

“ఆరు నెలల్లో నాలుగు సెంటీమీటర్లు! బాగానే ఎదుగుతోందండీ. ఇవే మాత్రలు, ఇదే మోతాదు. మూడు నెలలాగి రండి.”

భార్య సంచీ సర్దుకుని లేచింది. అతను లేవలేదు. మొన్ననే బడి ప్యాంటు కోసం పిల్లను కత్తిరింపు బల్ల మీద పడుకోబెట్టి కొలిచాడు. నడుం నుంచి చీలమండ దాకా ఇరవై ఆరు అంగుళాలు. ఆరు నెలల కిందట, మోకాలి వంపు వెంటే టేపు పోనిచ్చి తీసినప్పుడూ ఇరవై ఆరే. ఈసారి రెండుసార్లతో ఆగలేదు, నాలుగుసార్లు తీశాడు.

“మేడం... పిల్ల ఎదగలేదు.”

భార్య మోచేత్తో పొడిచింది. “మంచిమాట చెబితే అరగదా నీకు? లే!”

డాక్టరమ్మ మొహంలో నవ్వు పోయింది. “మరి కార్డులో ఉన్నది అబద్ధమా?”

బయట ఇంకా ముప్పై మంది ఉన్నారు. ఆ గదిలో కుర్చీ ఆమెది, స్టూలు అతనిది. స్టూలు మీద కూర్చున్నవాడి మాట ఎవరికీ చెవికెక్కదు. అయినా ఇప్పుడు నోరు మూసుకుంటే పిల్ల ఎదగాల్సిన రోజుల్లో ఇంకో మూడు నెలలు పోతాయి.

“అబద్ధం కాదు మేడం. అప్పుడు మోకాళ్లు వంచి నిలబడింది, ఇప్పుడు నిటారుగా నిలబడింది. ముడతలుపడ్డ గుడ్డను ఇస్త్రీ చేస్తే పొడుగు కనిపిస్తుంది. గుడ్డ పెరిగినట్టా?”

“నా ప్యాంటు మడత ఇంకా విప్పనేలేదు, డాక్టరాంటీ” అంది పిల్ల, నేల చూస్తూ.

 డాక్టరమ్మ పిల్లను బల్ల మీద కూర్చోబెట్టి, కూర్చున్న చోటి నుంచి నడినెత్తి దాకా తనే కొలిచింది. పాత కాగితాలు తిరగేసింది. ఒక చోట వేలు ఆగిపోయింది.

“కూర్చున్న ఎత్తు ఏడాదిగా కదల్లేదు” అంది మెల్లగా. “ఈ మాత్రలు ఎదుగుదలను ఆపేస్తాయి. నేను చూసుకోవాల్సింది.”

మాత్రలు కొంచెం కొంచెంగా తగ్గించమని, వాటి బదులు వారానికో ఇంజెక్షన్ మొదలుపెట్టమని రాసింది. “మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపేయకండి. తగ్గిస్తుంటే నొప్పి తిరగబెట్టొచ్చు. వస్తే వెంటనే ఫోన్ చెయ్యండి.”

వరండాలోకి వచ్చాక భార్య ఆగింది. “మళ్లీ మంచం దిగలేకపోతే?”

“నన్ను తిట్టు.”

“తిడతాను” అంది ఆమె. అది ఊరికే అన్న మాట కాదని అతనికి తెలుసు. పిల్ల మాత్రం లిఫ్టు కోసం ఆగకుండా, కమ్మీ పట్టుకుని మెట్లు దిగుతోంది.