కాలువ కట్టేసిన వారం

ఫర్నేస్ తలుపు తీసేసరికి ఊక కమురు వాసన గుప్పున మొహానికి కొట్టింది. మొదటి విడత మాడ్చేటప్పుడు ఎంత జాగ్రత్తపడ్డా ఆ వాసన గదిలోకి వస్తూనే ఉంటుంది, పక్క గదివాళ్ళు ముక్కు మూసుకుని నన్ను తిట్టుకుంటూనే ఉంటారు. నాకు మాత్రం తణుకులో నేను డిగ్రీ చదివిన కాలేజీ, అక్కడి కెమిస్ట్రీ ల్యాబు వెనక కిటికీ గుర్తొస్తాయి. కిటికీకి అవతల రైసుమిల్లు. ఇవతల సింకు దగ్గర జ్ఞానరత్నం గారు, మిల్లు గొట్టం నుంచి వచ్చే నల్లటి నుసి కడిగిన గాజుసామాను మీద వాలకుండా తడిగుడ్డ కప్పుతూ కనిపిస్తారు. ఆవిడ పోయి ఆరు నెలలైంది. నా పని ఇవాళ ఇంకా నడుస్తోందంటే అందులో ఆవిడ చెయ్యి ఉంది. ఆవిణ్ణి మీలో ఎవరూ చూసి ఉండరు కాబట్టి, ఆ మాట నేను కాక చెప్పేవాళ్ళు కూడా లేరు.

నేను విశాఖపట్నంలో ఒక పరిశోధనశాలలో పనిచేస్తాను. ఊకని మాడ్చి, కడిగి, నల్లటి కర్బనం పొడి చేసి, దానితో చొక్కా గుండీ అంత బ్యాటరీలు తయారుచేస్తాను. ఫోన్లలో ఉండే ఖరీదైన లిథియం బదులు, మనం కూరలో వేసుకునే ఉప్పులోని సోడియంతో నడవాల్సిన బ్యాటరీలు అవి. మా నాన్న నిడదవోలు దగ్గర రైతు. మీ అమ్మాయి ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే, "ఊకదంపుడండి. జీతమిచ్చి మరీ దంపిస్తన్నారు" అంటాడు. పోయిన సంవత్సరం ఆ దంపుడు కాస్తా ఆగిపోయే పరిస్థితి వచ్చింది. పన్నెండు బ్యాటరీలు చేస్తే మూడు బ్రహ్మాండంగా పనిచేశాయి, తొమ్మిది నాలుగు రోజులకే చచ్చి ఊరుకున్నాయి. ప్రాజెక్టు గడువు దగ్గర పడింది. ఆ మూడింటి సంగతి మాత్రమే రిపోర్టులో రాస్తే డబ్బిచ్చే కమిటీవాళ్ళు ఇంకో మూడేళ్ళు కొనసాగిస్తారు. పన్నెండూ రాస్తే నాకూ, నాతో పనిచేసే ఇద్దరికీ ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. ఆ రిపోర్టు ముందు పెట్టుకుని పది రోజులు అన్నం సహించక తిరిగాను.

జ్ఞానరత్నం గారు లెక్చరరు కాదు. ల్యాబ్ అసిస్టెంటు. ఇంటర్‌తోనే చదువు ఆగిపోయింది. నాన్నగారు వ్యవసాయ కూలీ, అమ్మగారు లూథరన్ చర్చి శుభ్రం చేసేవారట. కాలేజీలో సీసాలు కడిగే పనికి చేరి, ఎవరూ నేర్పకుండానే ద్రావణాలు కలపడం నేర్చుకున్నారు. ఆవిడ కలిపినవాటిని లెక్చరర్లు మళ్ళీ సరిచూసుకునేవారు కారు. నేత చీర కుచ్చిళ్ళ నిండా యాసిడ్ చిల్లులు, కళ్ళజోడుకి ఒకవైపు దారం. మాకేమో ఆవిడంటే వణుకు. బ్యూరెట్ కడిగామని చెబితే ఒప్పుకునేవారు కారు. నీళ్ళు పోసి, వొంపేసి, వెలుగుకి ఎత్తి పట్టి చూపించేవారు. "చూడమ్మా, శుభ్రంగా ఉంటే నీళ్ళు పరదాలాగ జారిపోతాయి. చుక్క నిలబడిందంటే అక్కడ జిడ్డు ఉందన్నమాట. మళ్ళీ కడుగు." ఆ మళ్ళీ కడుగుడుకి అంతుండేది కాదు. మేం వెనక ఆవిణ్ణి 'చుక్కమ్మ గారు' అని ఎగతాళి చేసుకునేవాళ్ళం. అందులో పెద్ద గొంతు నాదే.

మూడో ఏడాది నాకిచ్చిన ప్రాజెక్టు కాలువ నీళ్ళు. రెండు వారాలకొకసారి మా ఊరి వంతెన దగ్గర నీళ్ళు పట్టి తెచ్చి, వాటిలో ఉప్పు శాతం, ఇతర లవణాలు కొలిచి రికార్డులో రాయాలి. చలికాలమంతా బుద్ధిగానే చేశాను. వేసవి మొదట్లో మా మేనత్త కూతురి పెళ్ళి వచ్చింది. పెళ్ళి ఐదు రోజులు, ఆ అలసట తీరడానికి ఇంకో ఐదు రోజులు. నీళ్ళు ఎవరు పడతారు? ముందు రీడింగు చూశాను, ఆ తర్వాతది చూశాను, రెండింటికీ మధ్యలో అందంగా ఒక అంకె వేసేశాను. గ్రాఫు గీస్తే గీత ఎంత చక్కగా వచ్చిందంటే, మా లెక్చరరు గారు మెచ్చుకుని సంతకం పెట్టారు. నేను కూడా నా తెలివికి మురిసిపోయాను.

మర్నాడు రికార్డులు సర్దుతూ జ్ఞానరత్నం గారు నన్ను సింకు దగ్గరకి పిలిచారు.

"అమ్మాయ్, ఈ తారీకు నీళ్ళు ఎక్కడ పట్టేవమ్మా?"

"మా వంతెన దగ్గరేనండి. ఎప్పుడూ పట్టేచోటే."

"పొద్దున్నా, సాయంత్రమా?"

"పొద్దున్నేనండి."

ఆవిడ చేతులు తుడుచుకుని నావైపు చూశారు. "ఆ వారం కాలువ కట్టేసేరు కదమ్మా. మా అన్నయ్యగారి పిల్లలు మీ వంతెన కిందే క్రికెట్ ఆడుకున్నారు. బంతి పోయిందని ఇంటికొచ్చి ఏడిస్తే నేనే కొనిచ్చేను."

నేను డెల్టాలో పుట్టినదాన్ని, కాలువ నీళ్ళతో పెరిగినదాన్ని, రైతు కూతుర్ని. వేసవిలో మరమ్మతులకి కాలువలు కట్టేస్తారన్న సంగతి నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలియాలి? ఎండిన కాలువలోంచి నీళ్ళు పట్టుకొచ్చిన ఘనత మా జిల్లాలో నాకొక్కదానికే దక్కిందేమో. తల కొట్టేసినట్టయింది. పేజీ చింపేసి మళ్ళీ రాస్తానన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. "చింపకూడదు. ఒక్క గీత కొట్టు, కింద ఏముందో కనబడాలి. పక్కన 'నీళ్ళు లేవు' అని రాయి. నీళ్ళు లేవన్నది కూడా రీడింగేనమ్మా. ఆ వారం ఈ కాలువ మీద బతికే ఊళ్ళన్నీ ఏం తాగేయో ఎవరైనా అడగాలంటే, నీ కాగితంలో ఆ మాట ఉండాలా వద్దా?" అన్నారు. అక్కడితో ఆగలేదు. లెక్చరరు గారి దగ్గరకి నన్నే వెళ్ళి చెప్పమన్నారు. చెప్పాను. ఆయన మార్కులు కోశారు, క్లాసులో మొదటి స్థానం పోయింది. నెలరోజులు ఆవిడతో మాట్లాడలేదు. ఎదురుపడితే తల తిప్పుకుని పోయేదాన్ని. నిజం చెప్పాలంటే తప్పు చేసినందుకు కాదు, పట్టుబడినందుకే నా ఏడుపంతా.

పరీక్షలయ్యాక సర్టిఫికెట్ల కోసం వెళ్ళిన రోజు ల్యాబులో ఆవిడ ఒక్కరే ఉన్నారు. ఫ్లాస్కులోంచి నాకూ టీ పోశారు. "కోపం పోయిందా?" అని అడిగారు. లేదన్నాను. ఆవిడ నవ్వారు. తర్వాత సింకులో పిపెట్లు కడుగుతూనే, నావైపు చూడకుండా, ఒక సంగతి చెప్పారు. ఆవిడ భర్త చెరుకు లారీల దగ్గర పనిచేసేవారు. కాళ్ళు పొంగుతున్నాయని ఊళ్ళో ఒక చోట మూత్ర పరీక్షకి ఇచ్చారు. సాయంత్రానికి కాగితం వచ్చింది, అంతా మామూలుగానే ఉందని.

"మర్నాడు అక్కడ మర్చిపోయిన గొడుగు కోసం వెళ్ళేనమ్మా. బల్ల మీద మా సీసా అలాగే ఉంది. కారిపోకుండా మూత చుట్టూ నేను వేసిన ప్లాస్టరు అలాగే ఉంది. ఎవరూ విప్పలేదు."

"మరి అడగలేదాండి వాళ్ళని?"

"అడగలేదమ్మా." ఆవిడ ఇంకో పిపెట్ తీసి కుళాయి కింద పట్టారు. "కాగితం మీద బాగుందని ఉంది కదా. బాగుందనే అనుకోవాలనిపించింది. ఏడాది తిరక్కుండానే కిడ్నీలు పోయేయి, ఆయనా పోయేరు. వాళ్ళు రాసిన అబద్ధం ఒకటి, నేను నమ్మిన అబద్ధం ఒకటి. రెండోది ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వదు."

అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఈసారి పట్టుబడినందుకు కాదు. ఆ టీ తాగలేకపోయాను, ఆవిడ గ్లాసు తీసుకుని కడిగేశారు.

తర్వాత నేను ఎమ్మెస్సీ, ఆపైన పరిశోధన అంటూ విశాఖపట్నం చేరాను. పండక్కో పబ్బానికో ఆవిడకి ఫోన్ చేసేదాన్ని. రిటైరయ్యాక, పోయిన సంవత్సరం, చర్చి మహిళల సభలకని ఇక్కడికి వచ్చి మా ల్యాబు చూస్తానన్నారు. సరిగ్గా ఆ రిపోర్టు నా పీకల మీద ఉన్న రోజుల్లోనే. మా వరండాలో మూడు గదులు. చివరి గదివాళ్ళు రొయ్యల చెరువుల నుంచి వదిలేసే నీళ్ళని నాచుతో శుభ్రం చేసే పద్ధతి వెతుకుతున్నారు. మధ్య గదివాళ్ళది కిడ్నీ జబ్బు ముందుగానే పసిగట్టే కాగితం ముక్క. మూత్రంలో ముంచితే రంగు మారుతుంది. ఆ గదిలోని శాస్త్రవేత్త దాన్ని ఆవిడ చేతికిచ్చి ఎలా వాడాలో చెప్పారు. ఆవిడ దాన్ని చాలాసేపు పట్టుకునే ఉండిపోయారు.

"అయితే ఎవరింట్లో వాళ్ళే చూసుకోవచ్చాండి?"

"ఇంకా పూర్తవలేదండి. కొన్నిసార్లు తప్పు చూపిస్తోంది."

"ఆ తప్పులు రాసుకుంటున్నారా బాబూ?"

"అన్నీ రాస్తున్నామండి."

"అయితే వస్తుంది లెండి," అని కాగితం జాగ్రత్తగా తిరిగిచ్చేశారు. ఆవిడ మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు.

ఆఖర్న నా గదికి వచ్చారు. టిఫిన్ డబ్బా విప్పి దిబ్బరొట్టె పెట్టారు. నేను తింటూ నా గోడు వెళ్ళబోసుకున్నాను. మూడు పనిచేశాయి, తొమ్మిది పోయాయి, ఏం రాయమంటారు అని. 'నిజమే రాయి' అంటారని ఎదురుచూశాను. అలా అంటే, మీకేం తెలుసు ఇక్కడి కష్టాలు అని విసుక్కోవడానికి కూడా సిద్ధంగా ఉన్నాను. ఆవిడ ఆ మాటే అనలేదు.

"ఆ మూడూ ఎవరు చేసేరు?"

"నేనేనండి."

"తొమ్మిదో?"

"అవీ నేనే."

"మరి చెయ్యి మారలేదు కదా. ఏం మారిందో చూడు." లేచి మూల ఉన్న నీలం డ్రమ్ము దగ్గరకి వెళ్ళారు. దాని మీద నా చేత్తోనే 'వరి ఊక' అని రాసి ఉంది. "ఎవరి ఊకమ్మా ఇది?"

"ఊకేనండి. మా నాన్న పంపిస్తాడు."

"ఏ మిల్లు? వానాకాలం సార్వా పంటదా, ఎండాకాలం దాళ్వాదా? తీపి నేలదా, ఉప్పు తగిలిన నేలదా?"

నోట్సు పుస్తకం తీసి తిరగేశాను. ఫర్నేస్ వేడి ఎంతో రాశాను, ఎన్నిసార్లు కడిగానో రాశాను, గదిలో తేమ ఎంతో కూడా రాశాను. ఊక దగ్గరకి వచ్చేసరికి 'వరి ఊక' అని ఊరుకున్నాను. చిన్నప్పటి నుంచి చూస్తున్న వస్తువు కదా, ఊకకి కూడా ఊరూ పేరూ ఏమిటనుకున్నాను. ఆవిడ వెళ్ళాక నాన్నకి ఫోన్ చేసి బస్సు పార్శిల్ రసీదులన్నీ తీయించి, బ్యాటరీలు చేసిన తారీకులతో పోల్చి చూశాను. మంచి బ్యాటరీలు మూడూ నిడదవోలు మిల్లు మూటతో చేసినవి. చచ్చినవి తొమ్మిదీ, నాన్నకి కుదరనప్పుడు మా పెద్దమ్మ కొడుకు పాలకొల్లు అవతల నుంచి పంపిన మూటతో చేసినవి. అటు చేలకీ రొయ్యల చెరువులకీ మధ్య గట్టే అడ్డం. చెరువుల ఉప్పు ఊకలోకి ఎక్కి బ్యాటరీలని చెడగొట్టిందేమో. అయితే ఇది అనుమానమే తప్ప రుజువు కాదు. రిపోర్టులో పన్నెండూ రాశాను. ఊక ఎక్కడిదో రాసిపెట్టుకోకపోవడం నా తప్పని రాశాను. అనుమానాన్ని అనుమానంగానే రాశాను.

కమిటీ ముందు నిలబడ్డాను. ఒక పెద్దాయన కాగితాలు తిప్పుతూ, "ఈ తొమ్మిదీ చూపించకపోతే మాకు తెలిసేది కాదు కదమ్మా, ఎందుకు చూపించారు?" అని అడిగారు. సత్యం, శాస్త్రం అంటూ పెద్ద జవాబు ఒకటి ఇంటి దగ్గర తయారుచేసుకునే వెళ్ళాను. సమయానికి అందులో ఒక్క ముక్క గుర్తు రాలేదు. "అవి కూడా నేనే చేశానండి" అన్నాను. మూడేళ్ళు ఇవ్వలేదు. ఒక్క ఏడాది ఇచ్చారు, ఆ తొమ్మిదీ ఎందుకు పోయాయో కనుక్కోమని. జ్ఞానరత్నం గారికి ఫోన్ చేసి, ఒక్క ఏడాదేనండి అని నిరుత్సాహంగా చెబితే, "ఇదేంటమ్మా, పోయిన తొమ్మిదే కదా నీకు అన్నం పెడుతున్నాయి!" అని పకపకా నవ్వారు. అదే ఆవిడతో నేను తీరిగ్గా మాట్లాడిన చివరిసారి. కొన్నాళ్ళకే గుండెపోటుతో పోయారు. సమాధుల తోటలో వాళ్ళ పేటవాళ్ళంతా పాడుతుంటే నాకు పాట రాక ఊరికే నిలబడ్డాను. దుఃఖం కన్నా, పన్నెండూ రాశానని ఆవిడకి తెలియజేశాను కదా అన్న తృప్తే ఎక్కువగా అనిపించింది.

పోయిన వారం పాలకొల్లు అవతల ఒక మిల్లుకి నేనే వెళ్ళాను. యజమాని మర్యాదస్తుడు. బంగారంలా ఉన్న పొడి ఊక కుప్ప చూపించి, "ఇది పట్టికెళ్ళండమ్మా, శుభ్రమైన సరుకు" అన్నారు.

"చెరువుల పక్క చేల ధాన్యానిది కావాలండి."

"అదెందుకండి, ఉప్పు నేలది. బాగోదు."

"ఆ బాగోనిదే కావాలండి."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, వెనక కొట్టు తాళం తీయించారు. మూట మీద మిల్లు పేరు, ఊరు, పంట, తారీకు ఆయన్నే అడిగి రాసుకుంటుంటే, పక్కనే నిలబడి కుతూహలంగా అడిగారు. "దీంతో నిజంగా బ్యాటరీ వస్తదాండి?"

"ఇంకా తెలియదండి" అన్నాను. ఆ మాట అనడానికి నాకు ఏ మాత్రం సిగ్గు వేయలేదు.