నా వీపుకు చెవి ఆనించినవాడు

మా పెద్దకొడుకు పోయాడన్న కబురు, పొద్దుటి షిఫ్టు వాళ్లు డ్యూటీకి పోతున్న వేళ వచ్చింది. గని ఆఫీసు మనిషి సైకిల్ దిగి, హైదరాబాదు నుంచి ఫోన్ వచ్చిందనీ, పని చేసే గదిలోనే గుండె ఆగిపోయిందనీ చెప్పి తల వంచుకున్నాడు. "ఎవరి గుండె అయ్యా?" అని మళ్లీ అడిగాను. మా ఇంట్లో దగ్గేవాణ్ని నేను. ఎప్పుడైనా అటువంటి కబురు వస్తే నా గురించే రావాలని అనుకుంటూ వచ్చినవాణ్ని.

చదివే పెద్దలారా, నేను గోదావరిఖనిలో బొగ్గు తవ్వి కొలువు దిగిపోయిన మనిషిని. రాత్రిబడిలో నేర్చిన అక్షరాలు నావి. ఏడుపు రాద్దామని కూర్చుంటే వాడి మాటలు గుర్తొచ్చి సంతోషం పొంగుతోంది, ఏం చెయ్యను? అంత మంచి కొడుకు నా ఇంట పుట్టాడు!

బాయిలోంచి, అంటే గనిలోంచి, పైకి రాగానే మేమంతా బెల్లం ముక్క నమిలేవాళ్లం. ఛాతీలో చేరిన దుమ్మును బెల్లం లాగేస్తుందని మా నమ్మకం. నేను బెల్లంపల్లిలో పని చేసేటప్పుడు సగం కొరికి, సగం వాడికి తెచ్చేవాణ్ని. వాడు చప్పరిస్తూనే అడిగేవాడు: "బాపూ, నోట్లేసుకున్న బెల్లం ఛాతీలకెట్ల పోతది?"

"పోతది తియ్. తిను."

ఆ ప్రశ్న వాణ్ని వదల్లేదు. డాక్టరు చదివాడు. దవాఖాన పెట్టుకొని కూర్చోకుండా, ఊపిరితిత్తుల్లో దుమ్ము ఏం చేస్తుందో వెతికే పనిలో చేరాడు. మా వాడకట్టులో ఒకటే నవ్వు. "సూదియ్యనోడు ఏం డాక్టరే?" అని మా పక్కింటి కాక నన్ను ఎకసెక్కం చేసేవాడు. ఆయన నాకంటే ముందు నుంచి బాయిలో ఉన్నవాడు. మావాడేమో నవ్వి, "మందిస్తే ఒక్కడు బతుకుతడు కాకా. దుమ్ము సంగతి తెలిస్తే బాయిల దిగెటోళ్లంత బతుకుతరు" అన్నాడు.

ఊపిరి కొలిచే మిషన్ తీసుకొని మా ఊరికే వచ్చాడొకసారి. నీళ్ల పీపాలో బోర్లించిన డబ్బా, దానికొక గొట్టం. గొట్టంలో ఊదితే డబ్బా పైకి లేస్తుంది. నేను డ్యూటీలో ఉన్న వేళ, పాత బొగ్గు తవ్వేవాళ్లమని పేర్లు చెప్పుకుంటూ వచ్చి ఊదారు. డబ్బా ఎగిరెగిరి పడిందట. సాయంత్రం వాడు నా పక్కన కూర్చొని మెల్లగా అన్నాడు: "బాపూ, నీ చేతులు సూపియ్."

చూపించాను. మా చేతుల మీద నీలం గీతలుంటాయి. తెగిన చోట బొగ్గు చేరి, మానినా పోని మచ్చలు అవి.

"ఇయ్యాల ఊదినోళ్ల చేతులల్ల ఒక్క గీత లేదు. అందరు తమ బదులు తమ్ముళ్లను, అల్లుళ్లను తోలిన్రు."

వాడికి కోపం రాలేదు. ఎవరి పేరూ బయట పెట్టలేదు. మరునాడు అందరినీ పిలిచి సంగతేందని అడిగితే కాక లేచాడు. "మా ఊపిరి కరాబయిందని నువ్వు రాస్తవు. పనికి రాడని ఆఫీసోళ్లు ఇంటికి తోల్తరు. నువ్వు సదివింది మా కొలువులు తీయనీకా బిడ్డా?"

ఆ మాటలో అబద్ధం లేదు. అసలు మనుషులు ఊదకపోతే వాడి పనికి అర్థం లేదు, ఊదితే వీళ్ల కడుపులు ఎండుతాయేమోనని భయం.

వాడు గొట్టం నా చేతికిచ్చాడు. "బాపూ, ముందుగాల నువ్వు ఊదు. అందరు సూడుర్రి. ఎవ్వరి పేరు ఆఫీసుకియ్య. ఇచ్చిన్నంటే ఇగో, మొదలు పొయ్యేది మా బాపు కొలువే."

ఊదాను. డబ్బా బెత్తెడు కూడా లేవలేదు. వాడు నా వెనక్కి వచ్చి వీపుకు చెవి ఆనించాడు. ఎంతసేపటికీ తల ఎత్తలేదు. అందరూ వాడి ముఖమే చూస్తున్నారు. చివరికి కాక చొక్కా విప్పి, "జరుగు, నా వంతు" అన్నాడు. మిగతావాళ్లు ఆయన వెనక వరస కట్టారు. వాడు మాట తప్పలేదు. ఒక్కరి కొలువూ పోలేదు.

తర్వాత కొన్నేళ్లకు బొగ్గుకు రంధ్రాలు వేసేటప్పుడు దుమ్ము లేవకుండా నీళ్లు చల్లడం మొదలైంది. అది నా కొడుకు వల్లే అని నేను గంతులేశాను. "నేనొక్కన్నే కాదు బాపూ, శానమంది రాసిన్రు. ఊదింది మాత్రం మీరే" అన్నాడు వాడు.

ఇంట్లో చూడాలి వాణ్ని. ఇద్దరు ఆడపిల్లలకూ తనే జడలు వేసేవాడు. ఒక జడ లావు, ఒక జడ సన్నం. మా కోడలు నవ్వేది: "ఊపిరి కొలుస్తరు గని, పాయలు కొలువ రాదా?" వాడు విప్పి మళ్లీ అల్లేవాడు. ఆ పిల్లలు అట్లాగే బడికి పోయేవాళ్లు, మా నాయిన వేసిండని అందరికీ చూపించుకుంటూ.

ఊరికి వచ్చినప్పుడల్లా హైదరాబాదు బజారు నుంచి నాకు బెల్లం తెచ్చేవాడు. "ఇది కడుపులకే పోతది బాపూ, ఊపిరికి పోదు. అయినా తిను" అనేవాడు. చెప్పులు విప్పి, చెంబెడు నీళ్లు తాగి, ముందు నా వీపుకు చెవి పెట్టేవాడు. నా ఛాతీ విన్నాడు, ఊరందరిదీ విన్నాడు. వాడిది ఎవరూ వినలేదు.

కర్మలన్నీ అయ్యాక కోడలూ పిల్లలూ నా దగ్గరే ఉన్నారు. పెద్ద మనవరాలు జడ వేసుకోకుండా తిరుగుతోంది. మొన్న మాపటేళ నాకు దగ్గు తెర వచ్చి మంచంలో కూర్చున్నాను. ఆ పిల్ల వెనకగా వచ్చి నా వీపుకు చెవి ఆనించింది.

"తాతా, గట్టిగ పీల్సు."

పీల్చాను. లోపల పిల్లికూతలు.

"నాయిన ఇనేది గిదేనా?"

"గిదే బిడ్డా."

చెవి తియ్యలేదు. కాసేపటికి వీపు మీద చొక్కా తడిగా తగిలింది. దగ్గు వస్తున్నా ఆపుకొని, ఆ పిల్ల లేచేదాకా మెల్లగా ఊపిరి తీస్తూనే ఉన్నాను.